కరవుసీమలో ఇనుమేల తుప్పుపట్టవలెను?

శ్రీనగరమునుండి కన్యాకుమారికి పోవు 44వ నంబరు జాతీయరహదారి, గుత్తిని దాటి అనంతపురము చేరులోపల, పెన్నానది యొడ్డుననున్న పామిడిని తాకిపోవుచున్నది. వేకువజామున ఆ రహదారి ప్రక్కన నిలిచి చూచినవారికి ఈ సీమ జీవనమంతయు చిన్న సరకుబండ్లమీద నెక్కి పోవుచున్నదా యనిపించును. ఒక బొలెరో పికప్పులో అనంతపురము మార్కెట్ యార్డునకు చీనీకాయలు. ఒక టాటా ఏస్‌లో కక్కలపల్లి మండీకి టమాట పెట్టెలు. వేరొకదానిలో తాడిపత్రి బండలు. వాని వెనువెంటనే ఎరువుల మూటలు, గొర్రెలు, వేరుసెనగ బస్తాలు, ఈ యూరికి దూరప్రాంతములందు పేరు తెచ్చిన నైటీల మూటలు. 2005లో టాటా ఏస్ విపణిలోనికి వచ్చిననాటినుండి, లారీకి చాలని సరకును, ఎద్దుబండికి మించిన దూరమును ఈ చిన్నబండ్లే భరించుచున్నవి. ఒకప్పుడు నాలుగెకరముల మెట్టచేనును, రాని వానను నమ్ముకొన్న కుటుంబములెన్నో నేడు ఒక పికప్పును, దాని నెలసరి కంతును నమ్ముకొని బ్రతుకుచున్నవి.

అట్టి బండి యజమాని శుక్రవారము వచ్చినచో ముందటి అద్దము తుడిచి పూలదండ వేయును. నిమ్మకాయయు మిరపకాయలును గ్రుచ్చి కట్టును. ఇంజనునకు వేళ తప్పక ఆయిలు మార్పించును. టైర్లలో గాలి చూచుకొనును. కూడు పెట్టునది వెనుకనున్న తొట్టియే గదా, దాని అడుగు రేకు ఏ స్థితిలోనున్నదని యడిగినచో మాత్రము, "బాడీకేముందిలే సామీ, రేకే కదా, పోతే వెల్డింగు పెట్టిచ్చుకుంటాము" అను సమాధానమే తరచుగా వినవచ్చును. ఈ సమాధానము సరియైనది కాదనియు, దీనివలన పేదవాని మూలధనము వాని కన్నులయెదుటనే కరగిపోవుచున్నదనియు, ఆ నష్టము ఈ సీమలో తప్పించుకొనదగినదే యనియు నా దృఢవిశ్వాసము.

తుప్పు ఈ నేలకు సహజమైన వ్యాధి కాదు. ఇనుము తుప్పుపట్టుటకు ప్రాణవాయువొక్కటియే చాలదు, నీరు కూడ కావలెను. గాలిలోని సాపేక్ష ఆర్ద్రత నూటికి సుమారు అరువది పాళ్లకు లోబడియున్నంతకాలము శుభ్రమైన ఇనుపరేకు మీద తుప్పు మిక్కిలి మందగతిని మాత్రమే పెరుగును. మచిలీపట్టణమునందో విశాఖపట్టణమునందో సముద్రపుగాలి ఉప్పును మోసికొనివచ్చి రాత్రింబవళ్లు ఇనుమును తినుచుండును గనుక, అచ్చటి బండివాడు ప్రకృతితోనే పోరాడవలసినవాడు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొనుచు, ఎండకాలమంతయు తేమలేని వేడిగాలులలో మాడుచు, సముద్రమునకు దూరముగా పీఠభూమి మీదనున్న అనంతపురము సీమలో ఆ పోరాటమున కవసరమే లేదు. ఢిల్లీ మెహరౌలీలోని ఇనుపస్తంభము సుమారు 1600 ఏండ్లుగా ఎండకును వానకును నిలిచియున్నది. ఆ ఇనుములో అధికముగానున్న భాస్వరము ఉపరితలమున ఒక రక్షకమైన పొర యేర్పడుటకు కారణమైనదని కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యుడైన ఆర్. బాలసుబ్రహ్మణ్యం తన పరిశోధనలలో వివరించెను. మన బండిరేకులో అట్టి భాస్వరము లేదు గాని, దానికి కర్మాగారమువారు పూసిన రంగున్నది, పైగా మనకు పొడిగాలి యున్నది. రంగు నిలిచియుండి, గాలి పొడిగానుండగా, ఆ రేకు కొలదియేండ్లకే చిల్లులు పడుట ఎట్లు? ఆకాశము పంపని తడిని మన చేతులతో మనమే తెచ్చి తొట్టిలో నింపుచుండుటచేతనే.

చీనీకాయల సంగతి చూతము. తోటలో కోసిన కాయ దెబ్బతినకుండుటకై తొట్టి అడుగున వరిగడ్డి పరతురు. దారిలో నలిగిన కాయల రసము ఆ గడ్డిలోనికి దిగును. యార్డులో కాయలు దింపిన పిమ్మట పైగడ్డిని దులిపివేయుదురు గాని, మూలలలోను, రేకు మడతలలోను, వెనుక తలుపు బందుల క్రిందను ఇరికిన గడ్డి దినములతరబడి అచ్చటనే యుండి పులియును. దీని పర్యవసానమేమో తెలియగోరువారు శ్రీకాళహస్తి కలంకారీ పనివారు నల్లరంగు చేయు విధానమును చూడవలెను. వారు తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపు నీటిలో వేసి దినములకొలది ఊరనిత్తురు. బెల్లము పులిసి ఆమ్లమగును. ఆమ్లము ఇనుమును కరగించును. ఆ ద్రవమే కరక్కాయ పట్టించిన గుడ్డమీద కలము తాకినచోట నల్లని గీతయగును. కళాకారుడు కుండలో బుద్ధిపూర్వకముగా చేయు పనినే మన బండివాడు తెలియక తొట్టిలో చేయుచున్నాడు. తీపి, తడి, ఇనుము, కొంత కాలము, ఇవి కూడినచోట ఫలితము వేరుగా నుండదు. కుండలో ఇనుము కరగినచో చిత్రము పుట్టును, తొట్టిలో కరగినచో అప్పు పుట్టును.

టమాట రసము సంగతియు నిట్టిదే. ఎరువులది అంతకంటె ఘోరము. పొటాషు పేర మనమెక్కువగా కొనునది పొటాషియం క్లోరైడు; అందలి క్లోరైడు సముద్రపు ఉప్పులోని క్లోరైడే, ఇనుముపట్ల దానికెట్టి దయయు లేదు. యూరియా గాలిలోని తేమను తనలోనికి లాగికొనును. చిరిగిన మూటనుండి జారిన గుప్పెడు ఎరువు తొట్టి మూలలో నిలిచెనా, మరునాడు దానిమీద చీనీరసమో, గొర్రెల మూత్రమో, పెన్నా యిసుకలోని తడియో పడినపుడు, మచిలీపట్టణపు సముద్రతీరము పామిడి బండిలోనికే వచ్చి కూర్చుండును. ఎరువు మోసినదినమున తొట్టిని చీపురుతో మూలమూలలును ఊడ్చుటకు పట్టునది స్వల్పకాలమే. ఈ సీమలో తొట్టికి చేయగల ఉపకారములలో ఇంతకంటె గొప్పదియు, ఇంతకంటె చవుకయైనదియు మరియొకటి లేదు.

పిమ్మట, కడుగుట. బండిని కడుగుట మంచిదే యని యందరును నమ్ముదురు, కాని ఏ నీటితో కడుగుచున్నారన్న విచారము కనబడదు. అనంతపురము భూగర్భజలములలో ఫ్లోరైడు సమస్య జగద్విదితము; దాని కారణముగానే 1990లలో శ్రీ సత్యసాయి తాగునీటి పథకము ఈ జిల్లా పల్లెలకు నీరు మోసికొనివచ్చెను. అట్టి బోరునీటిలో ఫ్లోరైడొక్కటియే కాదు, కరగిన లవణములనేకములుండును. బకెట్టులోని నీరెండినపుడు అంచున మిగులు తెల్లని చారయే దానికి సాక్ష్యము. ఆ నీటితో సాయంకాలము తొట్టిని కడిగి, తలుపు బిగించి, పైన టార్పాలిన్ పట్ట కప్పి నిలుపుదురు. నీరు రేకు మడతలలో రాత్రియంతయు నిలిచి, ఉదయమునకు ఎండి, ఉప్పును మాత్రము విడిచిపోవును. మరునాటి తడికి ఆ ఉప్పే విత్తనము. కడుగదలచినచో ఉదయముననే కడుగవలెను. వెనుక తలుపు దించి, బండి వెనుకభాగము పల్లమునకుండునట్లు నిలిపి, నీరు పూర్తిగా జారిపోనిచ్చి, గుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టవలెను. ఈ సీమలో ఎండకు లోటులేదు. ఇంతటి సంపదను ఉచితముగా పొంది దానిని టార్పాలిన్‌తో కప్పివేయుట అన్యాయము. తడిసిన పట్టను మడిచి తొట్టిలోనే పడవేయుట అంతకంటె అన్యాయము.

తొట్టికి రెండవ శత్రువు దెబ్బ. తాడిపత్రి బండను అంచుమీద నిలిపి జార్చినపుడు రేకుమీద గీయబడు గీత కంటికి చిన్నదే. కాని రంగు, దానిక్రింది ప్రైమరు చీలి ఇనుము బయటపడినచో తడి అచ్చటినుండి రంగుక్రిందికి ప్రాకును. తుప్పు తాను తిన్న ఇనుముకంటె పలురెట్లు ఎక్కువ స్థలమాక్రమించును గనుక రంగును లోపలినుండి పైకెత్తి బొబ్బలు పుట్టించును, బొబ్బ పగిలి మరికొంత ఇనుము బయటపడును. ఇక మోతాదు మించిన బరువు సంగతి. పరిమితికి మించి మోసినవారికి 2019లో సవరింపబడిన మోటారువాహనముల చట్టము 20,000 రూపాయల జరిమానాను, పైబడిన ప్రతి టన్నునకు మరి 2,000 రూపాయలను విధించుచున్నది; కాని ఏ తనిఖీయధికారియు వేయని జరిమానా మరియొకటి కలదు. అధికభారముచేత అడుగున నున్న అడ్డకమ్ములు వంగి, రేకును వానికి పట్టియుంచిన వెల్డింగు అతుకులు నెఱ్ఱెలు వారును. ఆ నెఱ్ఱెలలోనికి నీరు దిగును. పైనుండి చూచువానికేమియు కనబడదు. ఎత్తు చాలలేదని ప్రక్కలకు కమ్ములు వెల్డింగు చేయించుకొనువారు కూడ ఒక సంగతి గుర్తింపవలెను: వెల్డింగు వేడికి రేకు రెండవవైపున రంగు మాడిపోవును. అతుకువేసినచోట పైన రంగు పూయుదురు గాని, క్రింద మాడినచోట నెవరును పూయరు. ఆరునెలల తరువాత తుప్పు అచ్చటనే మొదలగును.

తుప్పులేని లోహముతోనే తొట్టిని చేసినచో ఈ బాధయంతయు తీరును గదా యని కొందరడుగవచ్చును. అమెరికాలో ఫోర్డు సంస్థ 2015 మోడలు ఎఫ్-150 పికప్పునకు తొట్టితో సహా అల్యూమినియపు బాడీ పెట్టెను. మరుసటి యేడు ప్రత్యర్థియైన షెవర్లే సంస్థ, అట్టి తొట్టిలోనికి రాళ్లను గుమ్మరించి చిల్లులు పడుటను, తన యుక్కుతొట్టిలో అట్టి చిల్లులు పడకుండుటను చూపుచు ప్రకటనలు చేసెను. వ్యాపారప్రకటనను ప్రమాణముగా గ్రహింపరాదు. అయినను అందొక సత్యము కలదు. తుప్పుకు లొంగని లోహము దెబ్బకు లొంగవచ్చును, దెబ్బకు నిలుచునది తుప్పుకు లొంగవచ్చును. బండలు మోయవలసిన మనకు ఉక్కే శరణ్యము, కావున దానిని కాపాడుకొనుటయే మార్గము.

కాపాడు విధములలో మనవారికి మిక్కిలి అలవాటైన ఒకదానిని నేను గట్టిగా నిషేధింతును. ఇంజనులోనుండి తీసిన నల్లని కాలిన ఆయిలును తొట్టి అడుగున పూయుట ఈ రహదారి పొడవునను కనబడుచున్నది. ఆ ఆయిలు తడిని కొంతకాలము ఆపుట నిజమే. కాని ఇంజనులో అరిగిన లోహపు పొడియు, కాలిన విషపదార్థములును దానిలో నుండును. మరునాడు అదే తొట్టిలో వేరుసెనగకాయలు, చీనీకాయలు, బియ్యపు బస్తాలు ఎక్కును. వాన వచ్చినచో అది జారి చేనిలోనికి, బావిలోనికి దిగును. మన తాతలు కొడవలికిని, నాగటి కర్రుకును ఆముదము రాచి చూరున దోపినపుడు వారి చేతిలో తిండిని విషముచేయు పదార్థము లేకుండెను. ఆ జాగ్రత్తను మరచి, పనిముట్టును కాపాడుటకై తిండిని పాడుచేయుట తగదు.

సరియైన పని కొంచెము శ్రమతో కూడినది. లేచిన రంగును, పొట్టు తుప్పును తీగబ్రష్షుతోను గరుకు కాగితముతోను ఇనుము మెరయువరకు గీకవలెను. ఇంతకుముందు చెప్పిన ఉప్పు ఆ తుప్పులోనే దాగియుండును గనుక మంచినీటితో కడిగి ఎండబెట్టవలెను. గుంటలలో మిగిలిన తుప్పునకు టానిక్ ఆమ్లమో, భాస్వరికామ్లమో గల తుప్పుమందు పూయవలెను. టానిన్ తుప్పుతో కలిసి నల్లని స్థిరపదార్థముగా మారును. కలంకారీ గుడ్డమీద కరక్కాయయు ఇనుమును కలిసి నల్లగీత యగుటయు ఇదే రసాయనచర్య. ఒకచోట ఇనుమును కరగించిన శిల్పమే మరియొకచోట ఇనుమును కాపాడుచున్నదన్నమాట. దానిపై రెడ్ ఆక్సైడ్ ప్రైమరు రెండు పూతలు, ఆపై ఎనామెలు. తుప్పుమీదనే నేరుగా రంగు పూయుట రోగమును దుప్పటితో కప్పుట వంటిది. ఈ పని వైశాఖపు మధ్యాహ్నమున చేయరాదు. కాలిన రేకుమీద రంగు ఆరకమునుపే బొబ్బలెత్తును. ఎండకాలమున ఉదయపువేళ, నీడలో చేసికొన్నచో వానకారుకు ముందే బండి సిద్ధమగును.

తొట్టిలో పరచు తొడుగుల విషయమున కూడ ఒక హెచ్చరిక యవసరము. అమెరికాలో తొట్టికి సరిపడు ప్లాస్టిక్ తొడుగులను లోపల దింపుదురు. తొడుగునకును రేకునకును నడుమ నీరు, ధూళి చేరి, బండి కదలికకు అవి రంగును అరగదీయుటవలన పైకి క్రొత్తదిగా కనబడు తొట్టి లోపల తుప్పుపట్టుట అచ్చట పలువురకనుభవమైనది. అందుచేతనే రేకునకు విడదీయరాకుండ అంటుకొను పాలియురేథేన్ పూతను పిచికారీచేయు పద్ధతి వ్యాపించెను. మన ప్రాంతమున పాత కన్వేయరు బెల్టు ముక్కలను, గీతల అల్యూమినియపు రేకును పరచుకొనువారున్నారు. బండలకు బెల్టు మేలైన రక్షణయే. దానిని మేకులతో బిగింపక, వారమునకొకసారి ఎత్తి క్రింద తుడుచుటకు వీలుగా ఉంచుకొన్నచో చాలును. అల్యూమినియపు రేకును ఇనుముమీద నేరుగా రివెట్లతో బిగించి, నడుమ ఉప్పునీరు నిలువనిచ్చుటయే ప్రమాదము. రెండు లోహములు తడిలో కలిసినచో ఒకటి మరియొకదానికి బలియగును. ఆ బలియగు స్వభావమునే బుద్ధితో వినియోగించుకొన్నది యశదపు పూత: గీత పడినచోటను యశదము తాను క్షయించి ఇనుమును నిలుపును. ఫ్రెంచివాడైన సోరెల్ ఈ పద్ధతికి 1837లో పేటెంటు పొందెను. యశదమును ఖనిజమునుండి బట్టీపట్టు విద్యయైతే రాజస్థానములోని జావర్ గనులవద్ద అంతకు శతాబ్దములముందే వర్ధిల్లెను. ఇంటికప్పునకు యశదము పూసిన జీఐ రేకు కావలెనని అడిగి కొనెడి మనము, బండి తొట్టి అడుగునకు అట్టి రేకున్నదా యని అడుగక సంతకము పెట్టుచున్నాము.

ఈ విషయము బండివాని సొంతవ్యవహారమని త్రోసివేయువారికి పామిడి వస్త్రవ్యాపారమే సమాధానము. తుప్పునీరు తగిలిన నూలుగుడ్డ మచ్చ సబ్బుకు లొంగదు. తొట్టి చిల్లునుండి చక్రము చిమ్మిన నీరు మూటలోనికెక్కినచో పల్లెలలో కుట్టుమిషను ముందు కూర్చుండు స్త్రీల శ్రమ వ్యర్థమగును. ఇంతకంటె గంభీరమైనది మరియొకటి. సరకుబండిలో మనుష్యులను ఎక్కించుట చట్టవిరుద్ధము. అయినను కలుపుతీతకు, కాయకోతకు పోవు కూలీలు వేరు దారిలేక ఈ తొట్లలోనే నిలిచి పోవుచున్నారు. వారు ఆనుకొన్న వెనుక తలుపు బందులు తుప్పుతిని యుండి, గుంతలో బండి కుదిపినపుడు కొక్కెము ఊడిపోయినచో ఏమగునో నేను వర్ణింపనక్కరలేదు. ఆ అలవాటు మానవలెను, ప్రభుత్వము వారికి బస్సు చూపవలెను. అది జరుగువరకు ఆ బందులను ప్రతి ఉదయము చేతితో లాగి చూచుట బండివాని ధర్మము.

బండి యజమానినొక్కనినే నిందించుట నా యభిమతము కాదు. 2016లో టయోటా సంస్థ తన పికప్పుల ఛాసిస్ ఫ్రేములు తుప్పుపట్టినవన్న వ్యాజ్యమును పరిష్కరించుకొనుటకై అమెరికాలో 340 కోట్ల డాలర్ల వరకు భరింప నంగీకరించెను. కొనుగోలుదారులు సంఘటితులై యడుగుటవలననే అది సాధ్యమైనది. మన సరకుబండ్ల యజమానుల సంఘములు కూడ, తొట్టి రేకు తుప్పునకు ఎన్నియేండ్ల పూచీయో తెలుగులో వ్రాసి చేతికిమ్మని విక్రేతలను అడుగవలెను. బండికి అప్పిచ్చు సంస్థలు బీమాను అప్పులో కలుపునట్లే తొట్టి పూత ఖర్చును కూడ కలుపవలెను. ఆ రేకు నిలిచినంతకాలమే వారి తాకట్టునకు విలువ. సరకుబండ్లకు ఎనిమిదేండ్లవరకు రెండేండ్లకొకసారియు, పిమ్మట ఏటేటను జరుగు ఫిట్‌నెస్ పరీక్షలో అడుగున పరచిన చాపనెత్తి, రేకును సుత్తితో తట్టి, బందులను లాగి చూచుట తప్పనిసరి కావలెను.

అన్నిటికంటె సులభమైనది మార్కెట్ కమిటీల చేతిలోనున్నది. అనంతపురము యార్డులో చీనీకాయలు దింపిన బండి, ఖాళీగా, తడిగడ్డితో ఎండలోనికి పోవుచున్నది. యార్డు ద్వారమువద్ద వాలుగా సిమెంటు చేసిన ఒక చిన్న స్థలము, లవణములు తక్కువగల నీటి కుళాయి ఒకటి, గడ్డి వేయుటకొక గుంట, మురికినీరు పోవుటకొక కాలువ ఏర్పరచినచో, ప్రతి బండియు రసమును అచ్చటనే విడిచి, పామిడి చేరులోపల దారిలోని ముప్పది కిలోమీటర్ల ఎండగాలికి ఆరిపోవును. రైతులును వ్యాపారులును చెల్లించు మార్కెట్ రుసుములో దీని ఖర్చు లెక్కకు రాదు. కక్కలపల్లి మండీలోను ఇట్టిది కావలెను. రాబోవు చీనీకోతకు ముందే ఈ పని పూర్తిచేయించుటకు మార్కెట్ కమిటీవారు తీర్మానింపవలెనని కోరుచున్నాను.